ఇవ్వని ఓటు కాగితం

నేను ధర్మవరానికి దగ్గర్లోని ఒక పల్లె హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. మా రోజుల్లో అయ్యవార్లకు పాఠాలతో పాటు ఇంకో రెండు పనులు తప్పేవి కావు. ఒకటి జనాభా లెక్కలు, రెండోది ఎలక్షన్ డ్యూటీ. డ్యూటీ తప్పించుకోవడానికి మా స్టాఫులో కొందరు డాక్టరు సర్టిఫికెట్లు పట్టుకుని తిరిగేవారు. నేను మాత్రం ఇష్టంగా పోయేవాణ్ణి. ట్రైనింగ్ రోజున ముందు వరసలో కూర్చునేవాణ్ణి. వాళ్ళిచ్చిన చిన్న పుస్తకాన్ని ఎర్రసిరాతో గీతలు పెట్టుకుంటూ చదివేవాణ్ణి.

శతాబ్దం మారడానికి ముందు ఏడు జరిగిన ఎన్నికల్లో నన్ను మొదటిసారి ప్రిసైడింగ్ అధికారిగా వేశారు. అంటే ఒక పోలింగ్ కేంద్రానికి నేనే పెద్ద. ట్రైనింగులో మాకు నేర్పడానికి వచ్చిన అధికారి ఒక ప్రశ్న వేశాడు.

"ఓటరు వచ్చేసరికే ఆ పేరు మీద ఇంకెవరో ఓటు వేసిపోయి ఉంటే ఏం చేస్తారు?"

నేను లేచి చెప్పాను. "వచ్చిన మనిషి నిజమైన ఓటరేనా అని ముందు ప్రశ్నలడిగి తేల్చుకోవాలి సార్. నిజమేనని తేలితే టెండర్ ఓటు ఇవ్వాలి. ఆ కాగితం పెట్టెలో వేయకూడదు. విడిగా కవర్లో పెట్టి, ఆ మనిషి పేరు రాసి సంతకం తీసుకోవాలి."

"చూడండయ్యా, పుస్తకం చదివినాయన అంటే ఈయన" అన్నాడు అధికారి. ఆ మాట ఇంటికి వచ్చి మా ఆవిడకు కూడా చెప్పుకున్నాను.

నాకు పడిన ఊరు కదిరి అవతల, బస్సు దిగి చాలా దూరం జీపులో పోవాల్సిన పల్లె. ఊరి ప్రాథమిక పాఠశాలే పోలింగ్ కేంద్రం. రెండు గదులు, ముందు ఒక పంచ. వానలు మొహం చాటేసిన ఏడు. దారి పొడుగునా జానెడు కూడా ఎదగని వేరుశనగ చేలు పసుపు తిరిగి ఉన్నాయి. మేము దిగగానే ఊరి పెద్దాయన ఇంటి నుంచి మంచాలు, చెంబులు, నీళ్ళకుండ వచ్చాయి. ఆ పెద్దాయన ఎవరో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ ఊళ్ళో పేరు అక్కర్లేని మనిషి ఆయన. సర్పంచి ఎన్నిక అక్కడ ఎప్పుడూ ఏకగ్రీవమేనని మా వెంట వచ్చిన పోలీసు కానిస్టేబుల్ గొప్పగా చెప్పాడు.

పొద్దున బాగానే నడిచింది. జనం వరసలో వచ్చారు. నా పక్కన కూర్చున్న ఉద్యోగి పేరు చదివితే, ఇంకొకాయన వేలికి సిరా పూసేవాడు, మూడో ఆయన కాగితం మడిచి ఇచ్చేవాడు. ప్రతి కాగితం వెనక ప్రిసైడింగ్ అధికారి సంతకం ఉండాలి. అది లేకుండా ఒక్క ఓటూ చెల్లదు. ఏజెంట్ల బెంచీ మీద రెండు పార్టీల వాళ్ళు ఉండాల్సిన చోట ఒకే పార్టీ మనిషి కూర్చున్నాడు. పెద్దాయన అన్నకొడుకు. రెండో పార్టీ ఏజెంటుకు జ్వరమొచ్చిందని అతనే చెప్పాడు.

పదకొండు దాటాక వరస పల్చబడింది. ఆ అన్నకొడుకు లేచి నా కుర్చీ వెనక్కి వచ్చి, కుర్చీ వీపు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"ఇంగ ఎవరూ రారు సార్. అందరూ పనులకు పోయినారు. మిగిలినవి మేమే ఏసేస్తాం. మీరు ఊరికే సంతకాలు పెట్టియ్యండి, చాలు."

మెత్తగానే చెప్పాడు. కానిస్టేబుల్ టీ తాగడానికని బయటికి పోయాడు. నా పక్కనున్న ముగ్గురూ బల్ల మీదికి చూస్తున్నారు. నేను వద్దనలేదు. కాగితాల కట్ట ముందు పెట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి సంతకాలు పెట్టుకుంటూ పోయాను. ఎవరూ నన్ను బెదిరించలేదు. కత్తి చూపలేదు, గట్టిగా ఒక మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బెదిరించి ఉంటే కనీసం చెప్పుకోవడానికి ఒక కథ మిగిలేది.

మధ్యాహ్నం పెద్దాయన ఇంటి నుంచి సంగటి, కోడికూర వచ్చాయి. తిన్నాం. చేతులు కడుక్కుని కూర్చున్నాక ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటుంది. ఉతికిన చీర, పాదాల నిండా దుమ్ము. ఊరికి కొంచెం ఎడంగా ఉన్న వాడ నుంచి వచ్చానని చెప్పింది. కొంగు ముడి విప్పి ఓటరు చీటీ తీసి బల్ల మీద పెట్టింది. మా ఉద్యోగి జాబితాలో ఆ అంకె వెతికి, ఒకసారి నావైపు చూసి, వేలితో ఆ చోటు చూపించాడు. ఆమె పేరు కింద అప్పటికే గీత పడి ఉంది.

అన్నకొడుకు నవ్వాడు. "నీ ఓటు పడిపోయింది పోమ్మా. ఊరికే ఇంత దూరం నడిచినావు."

"యాడ పడింది? నేనిప్పుడే గదా వస్తాండేది" అంది ఆమె. ఎడమ చెయ్యి చాపి వేళ్ళు నాకు చూపించింది. "ఇంకు యాడుండాది? చూడు సారూ."

వేలికి సిరా లేదు. ఏ మాటా అడగనక్కర్లేకుండా, ఆమె నిజమైన ఓటరేనని అక్కడున్న అందరికీ తెలుసు. టెండర్ ఓటు కాగితాలు నా కాళ్ళ దగ్గరున్న సంచిలో, గోధుమరంగు కవర్లో ఉన్నాయి. ఎర్రసిరా గీతలు పెట్టుకున్న నా పుస్తకమూ అదే సంచిలో ఉంది. కవరు తీస్తే అన్నకొడుకు ఎందుకని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. చెబితే పొద్దుట్నుంచి జరిగిందంతా కాగితం మీదికి వస్తుంది. ఇంత ఆలోచన అప్పుడు చేశానో, తర్వాత కల్పించుకున్నానో చెప్పలేను. నోట్లోంచి మాత్రం ఈ మాట వచ్చింది:

"ఏదో పొరపాటు జరిగుంటుంది. ఇప్పుడు చేసేదేం లేదు, పోమ్మా."

ఆమె నన్ను కొంచెంసేపు చూసింది. తర్వాత బయటికి పోయి, బడి ఎదురుగోడ నీడలో కూర్చుంది. అరవలేదు, తిట్టలేదు. పోలింగ్ ముగిసి, పెట్టెకు లక్కసీలు వేసి, జీపు ఎక్కేదాకా అక్కడే కూర్చుంది. పోయేటప్పుడు మా జీపు ఆమె ముందునుంచే పోయింది. నేను రెండో పక్కకు చూశాను.

ప్రిసైడింగ్ అధికారి డైరీ అని ఒకటి నింపి ఇవ్వాలి. టెండర్ ఓట్లు ఎన్ని అన్నచోట 'లేవు' అని రాశాను. పోలింగ్ ఎట్లా జరిగింది అన్నచోట 'ప్రశాంతంగా' అని రాశాను.

ఎన్నికలైన కొద్ది వారాలకే పక్కదేశంలో సైన్యం గద్దెనెక్కింది. ఆ ఎండాకాలమే సరిహద్దు కొండల్లో వాళ్ళతో యుద్ధం జరిగింది. మా బడిపిల్లలు జెండాలు పట్టుకుని ఊరేగింపు తీశారు. ఆ వేడి ఇంకా చల్లారలేదు. అక్కడి సైన్యాధిపతి ప్రధానిని పట్టి బంధించాడనీ, టీవీ కేంద్రం ఆక్రమించుకున్నాడనీ పేపర్లో చదివి స్టాఫ్ రూములో అందరం ఆవేశపడ్డాం. మరునాడు ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు గారు నన్ను మాట్లాడమన్నారు.

అరగంట మాట్లాడాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదని అందరూ అన్నారు. అక్కడ మనిషికి నోరు లేదన్నాను. ఒక్కడు చెప్పిందే చట్టమన్నాను. తనను ఏలేవాణ్ణి ఎన్నుకునే హక్కు అక్కడి రైతుకూ కూలీకీ లేదన్నాను. మన దేశంలో కూటికి లేని ముసలమ్మ కూడా వరసలో నిలబడి ప్రభుత్వాన్ని దింపగలదన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముసలమ్మ అన్నప్పుడు నాకు ఆమె గుర్తుకు రాలేదు. నిజంగానే రాలేదు. మనసు అంత తెలివిగా అరలు కట్టుకుంటుందని నాకప్పుడు తెలియదు.

ఆ ఊపులోనే ఒక దినపత్రికకు లేఖ రాశాను. రెండు వారాలకు అచ్చయింది. నా పేరు, ఊరు, సోషల్ ఉపాధ్యాయుడు అన్న మాటతో సహా. దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకుని తిరిగాను.

మా అత్తగారి ఊరు కదిరి. ఆ శీతాకాలంలో ఒక ఆదివారం అక్కడికి పోయి తిరిగి వస్తూ, బస్టాండులో టీ అంగడి దగ్గర మా బావమరిదితో కూర్చున్నాను. బస్సుకు ఇంకా టైముంది. జేబులోంచి లేఖ తీసి అతనికి చదివి వినిపించాను. నా గొంతు పెద్దది. పక్కబల్ల మీద ఉన్నవాళ్ళు కూడా వినడం మొదలుపెట్టారు. ఒకాయన "కరెక్టుగా రాసినావన్నా, ఆ నా కొడుకులకు అట్లనే ఉండాల" అన్నాడు. నాకు ఇంకా హుషారొచ్చింది. లేఖలో లేనివి కూడా చెప్పుకుపోయాను.

చెప్పడం ఆపాక, అంగడి పక్కన చింతపండు మూటకు ఆనుకుని కూర్చున్న ఒకామె నన్ను పిలిచింది.

"సారూ, ఆ దేశంలో ఓట్లు ల్యావా?"

"లేవమ్మా. అంతా మిలిట్రీ వాళ్ళదే."

"మాకుండాయి గదా. మరి నా ఓటు యాడికి పోయింది?"

అప్పుడు గుర్తుపట్టాను. అదే మొహం. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టు అడిగింది. మా బావమరిది "ఎవరు బావా?" అన్నాడు. నేను లేచి ఆమె దగ్గరికి పోయి కింద కూర్చున్నాను. బల్ల మీదున్నవాళ్ళకు వినపడకూడదని అంత దగ్గరగా కూర్చున్నాననుకుంటా.

"ఆ పొద్దు కుర్చీలో ఉండేది నువ్వే గదా?"

"నేనేనమ్మా."

"నాకు వేరే కాగితం ఇయ్యొచ్చంట గదా. మా చెల్లెలి మొగుడు చెప్పినాడు. ఆయప్ప కూడా ఒకసారి ఏజెంటుగా కూర్చున్నాడులే. ఇయ్యొచ్చునా?"

"ఇవ్వొచ్చు."

"మరి ఏల ఇయ్యకపోతివి?"

నాకు అబద్ధమేదీ తోచలేదు. "భయపడినానమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. "నాకు మాత్రం భయం ల్యాకనా? పెద్దాయన ఇంటి ముందర నుంచే నడిచి రావాల. అయినా వచ్చినా గదా."

తర్వాత ఆమె మెల్లగా చెప్పింది, ఎందుకు వచ్చిందో. ముందటేడు వాళ్ళ వాడకని మంజూరైన తాగేనీళ్ళ బోరును పెద్దాయన తన తోట పక్కన వేయించుకున్నాడు. వాడ ఆడవాళ్ళంతా అక్కడికే పోయి, ఆయన మనుషులు మోటారు వేసినప్పుడే పట్టుకోవాలి. ఒక ఓటుతో బోరు కదలదని తనకు తెలుసు. కానీ ఆ ఒక్కటి ఆయన చేతిలో పెట్టడం ఇష్టం లేదు. ఆ పొద్దు బడి ఎదురుగా సాయంత్రం దాకా కూర్చున్నందుకు వారం రోజులు ఆమెను నీళ్ళు పట్టుకోనీలేదట. పక్క ఊరి బావి నుంచి మోసుకుందట.

"సారూ, నీకు రాయను బాగా వస్తాదే. పేపర్లో రాసినావు. నా ఓటు నేనెయ్యలేదని నాకొక కాగితం రాసియ్యి. అనంతపురానికి పోయి కలెక్టరాఫీసులో ఇచ్చొస్తా."

"చూస్తానమ్మా. ఇప్పుడు కాగితం లేదు. మీ ఊరు నాకు తెలుసు కదా, రాసి పంపిస్తాను" అన్నాను. జేబులో పెన్ను ఉంది. లేఖ కత్తిరింపు వెనకవైపు ఖాళీగానే ఉంది.

బస్సు వచ్చింది. మా బావమరిది కేకేశాడు. ఎక్కేశాను.

నేను ఆ కాగితం రాయలేదు. మొదట్లో ప్రతి ఆదివారం రాద్దామనుకునేవాణ్ణి. రాస్తే ఉద్యోగం పోతుంది, ఇద్దరు పిల్లలు, అనుకునేవాణ్ణి. తర్వాత ఆదివారాలు కూడా అనుకోవడం మానేశాను. ఒక మార్పు మాత్రం వచ్చింది. పక్కదేశం గురించి స్టాఫ్ రూములో ఎవరైనా మొదలుపెడితే నేను లేచి క్లాసుకు పోయేవాణ్ణి. ఈయనకు దేశభక్తి తగ్గిందని ఒకాయన ఎగతాళి చేశాడు.

నాలుగైదేళ్ళు గడిచాయి. వరసగా వానల్లేని ఏళ్ళు. మళ్ళీ ఎన్నికలు వచ్చాయి, మళ్ళీ నాకు ప్రిసైడింగ్ డ్యూటీ వేశారు. ఈసారి జిల్లాకు రెండో కొసన, కణేకల్ వైపు పల్లె. కాలువ నీళ్ళున్న ఊరు, పచ్చగా ఉంది. కాగితాల బదులు మిషన్లు వచ్చాయి. ఓటరు బటన్ నొక్కాలంటే, ముందు మా బల్ల మీదున్న పెట్టెలో మేము ఇంకో బటన్ నొక్కాలి. మేము నొక్కకపోతే అటు ఓటు పడదు. ఇంకో సంగతి కూడా ట్రైనింగులో చెప్పారు. బూత్ ఎవరైనా ఆక్రమించుకుంటే ప్రిసైడింగ్ అధికారి వెంటనే 'క్లోజ్' అనే బటన్ నొక్కేయాలి. ఆ తర్వాత ఇంక ఎవరూ ఒక్క ఓటు కూడా వేయలేరు. ఈసారి నేను ముందు వరసలో కూర్చోలేదు. ఏ ప్రశ్నకూ లేవలేదు. కానీ ఆ ముక్క మూడుసార్లు చదువుకున్నాను.

అక్కడా మధ్యాహ్నానికి వరస పల్చబడింది. అక్కడా ఒకాయన వచ్చాడు, వెంట నలుగురితో. పార్టీ వేరు. మాట మాత్రం అదే.

"సార్, ఇంగ మీరు రెస్టు తీసుకోండి. మేము చూసుకుంటాం."

నా పక్కనున్న ఉద్యోగి వేలు అప్పటికే బటన్ మీదికి పోతోంది. నేను పెట్టెను నా ముందుకు లాక్కున్నాను. నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. బటన్ మీది మూత తీయడానికి రెండుసార్లు గోరు జారింది. నొక్కేశాను.

"ఏం చేసినావు?" అన్నాడు ఆయన.

"పోలింగ్ ఆపేశాను. ఇంక ఇందులో ఓటు పడదు."

చెంప మీద కొట్టాడు. కళ్ళద్దాలు ఎగిరి గోడకు తగిలాయి. ఇంకొకడు పెట్టె లాగబోతే ఒళ్ళో పెట్టుకుని దాని మీదికి వంగిపోయాను. వీపు మీద, మెడ మీద దెబ్బలు పడ్డాయి. ఎన్నో లెక్కపెట్టలేదు. వాకిట్లో ఉన్న కానిస్టేబుల్ ఈసారి టీకి పోలేదు. పెళ్ళికాని చిన్న వయసు మనిషి. లోపలికి వచ్చి లాఠీ అడ్డం పెట్టాడు. కాసేపటికి తనిఖీకి తిరిగే అధికారుల జీపు వచ్చింది. నేను జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను.

రెండు రోజులకు అక్కడ మళ్ళీ పోలింగ్ పెట్టారు. ఊరి చుట్టూ పోలీసులు. జనం పొద్దున్నే వచ్చారు, సాయంత్రం దాకా వస్తూనే ఉన్నారు. ఫలితాలు వచ్చాక తెలిసింది, ఆ బూత్‌లో నన్ను కొట్టినవాళ్ళ పార్టీకే ఎక్కువ ఓట్లు పడ్డాయట. ఇష్టంతో వేశారో భయంతో వేశారో నాకు తెలియదు. వాళ్ళ చేతులతో వాళ్ళు వేశారు. అంతవరకే నేను చెప్పగలను.

మా ఆవిడ వీపుకు కాపడం పెడుతూ ఏడ్చింది. "ఇన్నేండ్లు లేని పౌరుషం ఇప్పుడేల వచ్చె? నీకేమన్నా అయ్యుంటే పిల్లోళ్ళ గతేమి?" అంది. అప్పుడు చెప్పాను ఆమెకు, కదిరి అవతలి పల్లె సంగతి మొత్తం. సంతకాలు పెట్టింది, సంగటి తిన్నది, చింతపండు మూట పక్కన మాటిచ్చి తప్పింది. మా ఆవిడ కాపడం గుడ్డ పక్కన పెట్టింది. "ఆయమ్మకు కాగితం రాసిచ్చి రాపో" అంది చివరికి.

ఎండాకాలం సెలవుల్లో పోయాను. ఓటరు జాబితాలోని ఆ పేరు నేను మరచిపోలేదు. వాడలో అడిగితే ఇల్లు చూపించారు. ఆమె పంచలో కూర్చుని చింతగింజలు ఒలుస్తోంది. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టింది, కానీ లేవలేదు.

ముందే రాసి తెచ్చిన కాగితం ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. నన్నే చదవమంది. ఫలానా ఎన్నికల్లో, ఫలానా కేంద్రంలో ఈమె వచ్చేసరికే ఈమె పేరు మీద వేరే వాళ్ళు ఓటు వేశారనీ, ఈమె నిజమైన ఓటరని తెలిసినా టెండర్ ఓటు నేను ఇవ్వలేదనీ, డైరీలో నేను రాసింది అబద్ధమనీ చదివాను. వాడలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడి విన్నారు.

కణేకల్ వైపు జరిగింది కూడా చెప్పాను. అది విని ఆమె సంతోషిస్తుందని ఎక్కడో ఆశపడ్డానేమో.

"అది మా ఊర్లో గాదు గదా" అంది.

నిజమే. నేను తల దించుకున్నాను. పెద్దాయన తోట పక్కన వేసిన ఆ బోరు ఎండిపోయిందనీ, ఇప్పుడు ట్యాంకరు వస్తోందనీ, దాని పైపు కూడా ఆయన మనుషుల చేతిలోనే ఉందనీ చెప్పింది. తర్వాత గింజల చేట పక్కన పెట్టి, చెప్పులేసుకుంది.

"పా సారూ, ఇచ్చొద్దాం."

"ఎక్కడికి?"

"మండలాఫీసుకు. కాగితం రాసేది ఇచ్చేదానికే గదా."

నేను కాగితం ఇచ్చి పోదామని వచ్చినవాణ్ణి. ఆమెతో నడిచి పోయి, నా చేతులతో నేను ఇవ్వాల్సి వస్తుందని అనుకోలేదు. ఆటోలో పోయాం. ఆఫీసులో గుమాస్తా చదివి, ఒకసారి కాగితం వైపు, ఒకసారి మా వైపు చూశాడు.

"ఎప్పటి ఎలక్షనో ఇది. ఇప్పుడు తెచ్చినారేందమ్మా?"

"ఇప్పుడు రాసిచ్చినాడు. ఇప్పుడు తెచ్చినాం" అంది.

"దీంతో ఏమొస్తాది నీకు?"

"వచ్చేది నీకేలప్పా? తీసుకున్నట్టు ముద్ర ఏసియ్యి."

గుమాస్తా నాతో గొంతు తగ్గించి, "సార్, మీ ఉద్యోగానికే కష్టం. ఆలోచించుకోండి" అన్నాడు. మంచికే చెప్పాడు. నేను ఆలోచించుకునే కాలం అయిపోయిందన్నాను. నకలు మీద ముద్ర వేసి ఇచ్చాడు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది.

తర్వాత నాకు మెమో వచ్చింది. విచారణ జరిగింది. ఇంక్రిమెంట్లు ఆపారు, రొళ్ళ వైపు ఒక మారుమూల బడికి బదిలీ చేశారు. ఉద్యోగం పోలేదు. ఇన్నేళ్ళు నన్ను ఆపిన భయం అంత పెద్దదేమీ కాదని అప్పుడు తెలిసి, నా మీద నాకు ఇంకా అసహ్యం పుట్టింది. పెద్దాయనను, ఆయన అన్నకొడుకును ఎవరూ ఏమీ అడగలేదు. పాత కాగితాలు ఎప్పుడో కాల్చేశారని విచారణలో చెప్పారు.

మరి రెండేళ్ళకు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఆ ఊళ్ళో ఒక వార్డు ఆడవాళ్ళకు వచ్చింది. పెద్దాయన తన మనిషి పెళ్ళాం పేరు చెప్పి, ఎప్పటిలాగే ఏకగ్రీవమని దండోరా వేయించబోతుంటే, ఈమె పోయి నామినేషన్ వేసి వచ్చిందట. విరమించుకోమని మనుషులు వచ్చారు. బతిమాలారు, తర్వాత బెదిరించారు. ఈమె ఊళ్ళోనే ఉంటే ఒత్తిడి తప్పదని, నామినేషన్ వెనక్కి తీసుకునే గడువు అయిపోయేదాకా చెల్లెలి ఊళ్ళో పోయి కూర్చుంది. ఆ వార్డులో పోలింగ్ పెట్టక తప్పలేదు.

ఇదంతా ఆమే చెప్పింది. ఎన్నికలయ్యాక ఒకసారి అత్తగారింటికి పోయినప్పుడు, ఆమెను చూడాలనిపించి పోయాను. ఆ సీజనులో ఆమెను ఎవరూ కూలికి పిలవలేదట. ఇంట్లో ఉన్న మేకలు అమ్ముకోగా రెండే మిగిలాయి.

"ఓడిపోతిని సారూ" అంది. "మా ఇంట్లో ఉండేది మూడు ఓట్లు. నాకు దానికంటే బాగానే ఎక్కువ వచ్చినాయి."

"ఎవరు వేసింటారు?" అన్నాను.

"తెల్దు. ట్యాంకరు కాడ వరసలో నిలబడినప్పుడు ఒక్కొక్క మొహం చూస్తా. ఈమె ఏసిందా, ఆమె ఏసిందా అని. ఎవరూ చెప్పరు. నేనూ అడగను. చెబితే వాళ్ళకు కష్టం గదా."

లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. తాగి, వచ్చిన దారినే నడిచి బస్సు దగ్గరికి పోయాను.